ఓర్కాల లెక్క ఎలా పట్టాలి? శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు పద్ధతుల పోలిక

ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టుకి ఏం తీసుకుంటావని అడిగితే "కిల్లర్ వేల్స్ జనాభా మీద చేస్తాను" అనే పిల్లలు మన జిల్లాల్లోనూ కనిపిస్తున్నారు. వీడియోలు చూసి ఇష్టపడ్డవాళ్లే ఎక్కువ. ఆ ఇష్టం మంచిదే. అడవిలోగానీ సముద్రంలోగానీ బతికే ఒక జంతువు జనాభాని ఇన్నేళ్లపాటు, ఒక్కోదాన్నీ విడివిడిగా గుర్తుపట్టి లెక్కగట్టిన సందర్భాలు ప్రపంచంలో చాలా తక్కువ. అందులో ఓర్కా, అంటే కిల్లర్ వేల్, ఒకటి. కాకపోతే ఎచ్చెర్లలోనో విజయనగరంలోనో చదువుకునే విద్యార్థికి అసలు చిక్కు వేరే ఉంది. ఈ పనికి దారులు ఐదారున్నాయి. ఒక్కోదానికి పట్టే కాలం వేరు, ఖర్చు వేరు, చివరికి చేతికొచ్చే జవాబు కూడా వేరు. ఏది పట్టుకోవాలో ముందే తేల్చుకోకపోతే సెమిస్టర్ ఇట్టే గడిచిపోతుంది.

ముందు ప్రశ్న ఏమిటో చూసుకోండి

"ఎన్ని ఉన్నాయి?" అనేది ఒక ప్రశ్న. "ఎందుకు పెరుగుతున్నాయి, ఎందుకు తగ్గుతున్నాయి?" అనేది ఇంకో ప్రశ్న. రథసప్తమి నాడు అరసవల్లికి ఎంతమంది వచ్చారో అంచనా కట్టొచ్చు. ఆ అంచనా ఎంత బాగా కట్టినా, ఒక ఊళ్లో ఈ ఏడు ఎంతమంది పుట్టారు, ఎవరింట్లో పెద్దాయన పోయారు అన్నది దాంట్లోంచి రాదు. దానికి ఊరి జనన మరణాల రిజిస్టరు తియ్యాల్సిందే. ఓర్కాల మీద వాడే పద్ధతులన్నీ ఈ రెండిట్లో ఏదో ఒక వైపు చేరతాయి: కొన్ని అంచనా వైపు, కొన్ని రిజిస్టరు వైపు. మీ ప్రాజెక్టు పేరులో "పాపులేషన్ డైనమిక్స్" అని ఉంటే మీకు కావలసింది రిజిస్టరు. చాలామంది ఆ పేరు పెట్టుకుని అంచనా పద్ధతి పట్టుకుంటారు. వైవా దగ్గర ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఫొటోలతో గుర్తుపట్టడం

కెనడా పశ్చిమ తీరంలోని బ్రిటిష్ కొలంబియాలో, పక్కనే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, 1960ల్లోనూ 70ల మొదట్లోనూ అక్వేరియంల కోసం ఓర్కాలని పట్టి అమ్మేవారు. సముద్రంలో వేలకొద్దీ ఉన్నాయి, పట్టినా తరిగిపోయేవి కాదని జనం అనుకునేవారు. లెక్క తేల్చే పని మైకేల్ బిగ్ అనే శాస్త్రవేత్త మీద పడింది. ఆయన మొదట చేసిన పని జనాన్ని అడగడం. జాలర్లకి, లైట్‌హౌస్‌ల వాళ్లకి, పడవలున్న వాళ్లకి దాదాపు 15,000 ప్రశ్నపత్రాలు పంచి, 1971 జులై 26న ఆ ఒక్కరోజు ఎక్కడ ఎన్ని ఓర్కాలు కనబడితే అన్నీ రాయమన్నారు. తేలింది 200 నుంచి 350 మధ్య. వేలు కాదు, వందలేనని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత కెమెరా పట్టుకున్నారు. ఓర్కా నీటిపైకి వచ్చి ఊపిరి వదిలినప్పుడు వీపు రెక్క, దాని వెనకున్న బూడిదరంగు మచ్చ కొద్ది క్షణాలు కనిపిస్తాయి. రెక్క అంచున పడ్డ గాట్లు, ఆ మచ్చ ఆకారం, మచ్చ మీది గీతలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు. ఎప్పుడూ ఒకే పక్క నుంచి, ఎడమవైపు నుంచి, ఫొటో తీస్తే ఈ ఏటి ఫొటోనీ పోయినేటి ఫొటోనీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఒక్కోదానికీ గుంపుని చెప్పే అక్షరం, దాని పక్కన అంకె ఇచ్చారు: ఏ1, జె2, అలా.

ఈ పద్ధతి అక్కడ అంత గట్టిగా నిలబడడానికి కారణం కెమెరా ఒక్కటే కాదు, ఆ ఓర్కాల కుటుంబ జీవితం కూడా. ఆ తీరంలో చేపలు తిని బతికే రెసిడెంట్ ఓర్కాల్లో ఆడైనా మగైనా పిల్లలు పెద్దయ్యాక కూడా తల్లి వెంటే ఉంటాయి. తల్లి కనబడి, అక్కచెల్లెళ్లు కనబడి, ఒక్కటి మాత్రం మళ్లీ మళ్లీ కనబడకపోతే అది చనిపోయినట్టే లెక్క. తల్లి పక్కన కొత్త పిల్ల ఈదుతుంటే అది ఈ ఏటి పుట్టుక. శవం దొరకక్కర్లేదు, ప్రసవం చూడక్కర్లేదు.

అమెరికా వైపు సాన్ వాన్ దీవిలో కెన్ బాల్‌కోంబ్ అనే పరిశోధకుడు 1976లో ఇదే లెక్క మొదలుపెట్టారు. ఆయన స్థాపించిన సెంటర్ ఫర్ వేల్ రీసెర్చ్ సదరన్ రెసిడెంట్స్ అనే గుంపుల లెక్క ఇప్పటికీ ఏటా తీస్తోంది. 1995లో అవి 98. 2001 నాటికి దాదాపు 80కి దిగాయి. 2024 జులై లెక్కలో 73. ఇవి శాంపిల్ మీద కట్టిన అంచనాలు కావు, ఒక్కొక్కటిగా చూసి రాసినవి. అందుకే ఏ గుంపులో ఏ వయసువి పోయాయో కూడా తెలుసు. వాటి తిండిలో ముఖ్యమైన చినూక్ సాల్మన్ తగ్గిన ఏళ్లకీ, చావులు పెరిగిన ఏళ్లకీ ఉన్న సంబంధం ఇలాంటి జాబితాల వల్లే బయటపడింది.

ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లోకి చమురు ఒలికింది. అక్కడి ఏబీ అనే గుంపు రెండేళ్లలో 14 ఓర్కాలని పోగొట్టుకుంది. ఏటీ1 అనే ఇంకో గుంపులో 22 ఉండేవి, వాటిలో 9 కనబడకుండా పోయాయి. చాలావాటి శవాలు దొరకనే లేదు. ప్రమాదానికి ముందే ఎవరో ఓపిగ్గా ఫొటోలు తీసి పేర్లు రాసిపెట్టుకున్నారు కాబట్టే ఏవి పోయాయో చెప్పగలిగారు. పోర్టులు, హార్బర్లు వస్తున్న మన తీరానికి ఈ మాట బాగా వర్తిస్తుంది. ముందటి లెక్క లేకపోతే తర్వాత ఏం జరిగిందో ఎవరూ రుజువు చెయ్యలేరు.

మరి దీనికి లోటు లేదా? ఉంది, కాలం. ఆడ ఓర్కా కడుపు మోసేది దాదాపు 17 నెలలు. సగటున ఐదేళ్లకో పిల్ల. నలభై దాటాక కనడం ఆగిపోతుంది, ఆ తర్వాత కూడా దశాబ్దాలు బతకగలదు. ఇంత నిదానంగా నడిచే జీవితాన్ని ఆరు నెలల్లో చదివేశామంటే ఎవరూ నమ్మరు.

అంచనా పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది

పడవని ముందే గీసుకున్న తిన్నని దారుల్లో నడుపుతూ, కనబడిన ప్రతి గుంపూ ఆ దారికి ఎంత దూరంలో ఉందో కొలిచి, దాన్నిబట్టి మొత్తం ఎన్ని ఉండొచ్చో లెక్కగట్టడం లైన్ ట్రాన్సెక్ట్ పద్ధతి. ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టని పెద్ద సముద్రానికి ఇదే సరైనది. జంతువుల్ని విడివిడిగా గుర్తుపట్టే అవసరం లేదు. కానీ లెక్క నిలబడాలంటే కనీసం 60 నుంచి 80 గుంపులైనా కనబడాలని ఈ పద్ధతి రూపొందించినవాళ్లే చెబుతారు. ఒక ట్రిప్పుకి రెండు గుంపులు కనబడ్డాయనుకుంటే 30, 40 ట్రిప్పులు. బోటు అద్దె, డీజిల్ మీరే లెక్కేసుకోండి. నీటి కింద ఉండి కనబడకుండా పోయినవాటికి సవరణ మళ్లీ వేరే.

ఖర్చు సంగతి పక్కన పెట్టి, ఒక చిన్న గుంపు మీద ఈ పద్ధతి ఏం చెప్పగలదో చూద్దాం. 73 ఓర్కాలున్న చోట చాలా బాగా సర్వే చేసి, తప్పు (లెక్కల్లో కోఎఫిషియంట్ ఆఫ్ వేరియేషన్ అంటారు) 20 శాతం దగ్గర ఆపగలిగాం అనుకోండి. అప్పుడు 95 శాతం నమ్మకంతో మనం చెప్పగలిగేది "50కి, 108కి మధ్య ఎక్కడో ఉన్నాయి" అని మాత్రమే. 98 నుంచి 80కి పడిపోయిన ఆ మొత్తం పతనం ఈ సందులోనే ఇమిడిపోతుంది, మనకి కనబడనే కనబడదు. అమెరికా సర్వేల మీద 2007లో వచ్చిన ఒక పరిశీలన ఇదే తేల్చింది: 15 ఏళ్లలో సగానికి సగం పడిపోయినా, డాల్ఫిన్, పార్పాయిస్ (డాల్ఫిన్‌ని పోలిన చిన్న జంతువు) జనాభాల్లో 78 శాతం వాటి విషయంలో ఆ సర్వేలు పసిగట్టలేవు. అంత డబ్బు, అన్ని ఓడలు ఉన్న దేశం సంగతి అది.

మధ్యేమార్గం ఒకటుంది: కొన్నిటినే గుర్తుపట్టి మిగతాది లెక్కగట్టడం. ఉదాహరణకి, మొదటి విడతలో గాట్లున్న రెక్కలు 40 ఫొటోకి దొరికాయనుకోండి. రెండో విడతలో 30 దొరికాయి, వాటిలో 12 పాతవే. 40ని 30తో గుణించి 12తో భాగిస్తే 100. గాట్లున్నవి అన్నీ కలిపి 100 ఉండొచ్చన్నమాట. తీసిన మంచి ఫొటోలన్నిటిలో 60 శాతం రెక్కలకే గాట్లు ఉంటే, 100ని 0.6తో భాగించాలి, సుమారు 167 అవుతుంది. ఈ రెండో అడుగు మరిచిపోయి ప్రాజెక్టు రాసేవాళ్లు ఎక్కువ, గైడ్‌లు కూడా దాటేస్తుంటారు. రెండు విడతల మధ్య బయటినుంచి కొత్తవి రాకూడదు, ఉన్నవి పోకూడదు అనే షరతు ఎలాగూ ఉంది. అందుకే రెండు విడతల మధ్య ఎక్కువ ఎడం పెట్టకండి. ఏళ్ల తరబడి చేస్తే ఇదే పద్ధతి బతికే శాతాన్ని కూడా ఇస్తుంది, అంటే రిజిస్టరుకి దగ్గరగా వస్తుంది.

చెవి, డ్రోన్, ట్యాగు

వీటి మీద ఎక్కువ సేపు ఆగను. నీటిలో హైడ్రోఫోన్, అంటే నీటి కింద పనిచేసే మైకు, వేసి వినడం బాగుంటుంది. రెసిడెంట్ ఓర్కాల్లో ఒక్కో గుంపుకీ తనదైన అరుపులు ఉంటాయని జాన్ ఫోర్డ్ అనే శాస్త్రవేత్త చూపించారు కూడా. కానీ సీల్స్‌ని వేటాడే ఓర్కాలు వేటలో నోరు మెదపవు. వచ్చాయని తెలుస్తుంది, ఎన్నో తెలియదు. డ్రోన్ పైనుంచి తీసిన ఫొటోలతో ఒళ్లు చేసిందా, చిక్కిందా, కడుపుతో ఉందా అన్నది కొలుస్తున్నారు. అది అద్భుతమైన పని, కానీ రిజిస్టరు ఉన్న గుంపు మీదే దానికి విలువ. పైగా మన తీరంలో డ్రోన్ ఎగరెయ్యాలంటే నేవీ, పోర్టు పరిధులు చూసుకోవాలి. శాటిలైట్ ట్యాగు ఎటు వెళ్లిందో చెబుతుంది, ఎన్ని ఉన్నాయో కాదు. 2016లో ఎల్95 అనే మగ ఓర్కా ట్యాగు వేసిన కొన్ని వారాలకే చనిపోయింది, ట్యాగు దిగిన చోట ఇన్‌ఫెక్షన్ పట్టింది. డెబ్బై ఎనభై మాత్రమే ఉన్న జనాభాలో ఆ ఒక్క చావు కూడా పెద్ద నష్టమే. విద్యార్థి ప్రాజెక్టుకి ట్యాగు మాటే ఎత్తొద్దని నా గట్టి అభిప్రాయం.

మన ఒడ్డున ఏది కుదురుతుంది

బంగాళాఖాతంలో ఓర్కాలు లేవని కాదు. శ్రీలంక చుట్టుపక్కల కనబడినవాటికి ఫొటో కేటలాగు కూడా ఉంది. కానీ బారువ ఒడ్డునో, చింతపల్లి దగ్గరో కెమెరా పట్టుకుని నిలబడితే ఓర్కా వస్తుందని ప్రాజెక్టు ప్లాన్ చెయ్యలేం. ఓర్కా డాల్ఫిన్ కుటుంబానిదే కాబట్టి, ఓర్కాల మీద పుట్టిన పద్ధతిని మన డాల్ఫిన్ల మీద పెట్టడం ఒక దారి. ఓర్కాల లెక్కల్నే తీసుకుని ఇక్కడ కూర్చుని పనిచేయడం ఇంకో దారి.

మొదటి దారిలో నదులు సముద్రంలో కలిసే చోట్లు చూడండి: కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి. ఒడ్డుకి దగ్గరగా, లోతు తక్కువ నీటిలో తిరిగే హంప్‌బ్యాక్ డాల్ఫిన్లకి ఇలాంటి చోట్లు ఇష్టం. వాటి రెక్కల మీద గాట్లు బాగా పడతాయి, ఫొటో పద్ధతికి అనువు. ఫిన్‌లెస్ పార్పాయిస్‌కి వీపు మీద రెక్కే లేదు, దాని మీద ఈ ఆలోచన వద్దు. మన పక్కనే ఒడిశాలో చిలికా ఉంది. అక్కడి ఇరవాడి డాల్ఫిన్లు ఇటీవలి లెక్కల్లో 150 దరిదాపుల్లో ఉంటున్నాయి. సరస్సు కాబట్టి రాకపోకలు తక్కువ, ఏటా లెక్క జరుగుతుంది. పీహెచ్‌డీకి వెళ్లే ఉద్దేశం ఉంటే ఇచ్ఛాపురం దాటి అక్కడికి పోవడమే మంచిదంటాను.

జాలర్లని అడిగి చేసే సర్వేని తక్కువగా చూడకండి. బిగ్ మొదలుపెట్టింది అక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకి వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉంటాయి, వల బాగుచేసుకుంటూ కూర్చున్నవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు. అడిగే తీరు మాత్రం జాగ్రత్త. ఫొటోలు చూపించేటప్పుడు మన సముద్రంలో ఉండనే ఉండని తెల్లటి బెలూగా తిమింగలం ఫొటో ఒకటి మధ్యలో పెట్టండి. "ఆ, ఇదీ చూశాను" అన్నారంటే మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక అవునంటున్నారని అర్థం, ఆ సమాధానాలు వేరే పెట్టుకోవాలి. ఇంకోటి, సిక్కోలు జాలర్లలో చాలామంది ఏడాదిలో కొన్ని నెలలు గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసి వస్తారు. "పెద్ద చేప చూశాను బాబూ" అని చెప్పినాయన చూసింది అరేబియా సముద్రంలో కావొచ్చు. "ఇక్కడా, వీరావల్‌లోనా మావయ్యా?" అని ప్రతిసారీ అడిగి రాసుకోండి. వలలో పడి చచ్చిన డాల్ఫిన్ గురించి అడిగితే చాలామంది నోరు విప్పరు. వన్యప్రాణి చట్టంలో అవి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, కేసు పడుతుందేమోనన్న టెన్షన్ వాళ్లది. పేరు, బోటు నంబరు రాసుకోబోమని ముందే చెప్పి, నిజంగానే రాయకండి.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన శవాల లెక్క కూడా కొందరు తీసుకుంటారు. చావుకి కారణం తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, జనాభాకి మాత్రం బలహీనమైన ఆధారం. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చనిపోయిన తిమింగలాలు, డాల్ఫిన్లలో సగటున 2 శాతమే దొరుకుతాయని ఒక అధ్యయనం తేల్చింది. అలాగని ఆ 2 శాతం తెచ్చి మన ఒడ్డున దొరికినవాటిని 50తో గుణించడం తప్పు. ప్రవాహాలు వేరు, ఒడ్డు వేరు, నక్కలూ కుక్కలూ వేరు.

లాప్‌టాప్ దారి

ఆరు నెలలే ఉన్నవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాప్‌బయో అనే ప్యాకేజీ ఉంది. దాంట్లో వేల్ అనే పేరుతో ఒక చిన్న పట్టిక, నాలుగు వరుసలు, నాలుగు నిలువులు. 1993లో బ్రాల్ట్, కాస్వెల్ అనే ఇద్దరు రెసిడెంట్ ఓర్కాల ఫొటో లెక్కల నుంచి కట్టిన మోడల్ అది. ఏడాది పిల్లలు, ఎదుగుతున్నవి, కనే వయసు ఆడవి, కనడం ఆగినవి, ఇలా నాలుగు దశలు. దాన్ని నడిపితే ఏటా 2.5 శాతం పెరుగుదల వస్తుంది.

అక్కడితో ఆపకండి. పుట్టుకల అంకెలు రెండిటినీ సగానికి తగ్గించి చూడండి, పెరుగుదల దాదాపు సున్నా అవుతుంది. మళ్లీ మొదటికి వచ్చి, కనే వయసు ఆడది బతికి అదే దశలో కొనసాగే అంకెని 0.9534 నుంచి 0.904కి మార్చండి. మళ్లీ సున్నాయే. పుట్టుకలు సగానికి సగం పోవడం, తల్లులు ఏడాదికి బతికే శాతం ఐదు పాయింట్లే తగ్గడం, రెండిటి దెబ్బా ఒకటే. అక్వేరియంలకి పట్టుకుపోవడం, చమురు ఒలకడం, వలలో పడటం ఎందుకంత ప్రమాదమో ఈ రెండంకెలు చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత అసలు పని: మోడల్ ఏటా పెరుగుతాయంటోంది, 1995 తర్వాత సదరన్ రెసిడెంట్స్ తగ్గాయి. ఏ అంకె మారి ఉంటుంది? ఏటా ప్రచురించే లెక్కలతో దీన్ని పట్టుకోగలిగితే అది సొంత పని అవుతుంది, నెట్‌లోంచి ఎత్తి రాసింది అవదు. సముద్రం ముఖం చూడకుండా సముద్ర జంతువు మీద ప్రాజెక్టా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

తీరం ఊళ్లో పుట్టినవాళ్లకి, బోటు మీద చుట్టాలున్నవాళ్లకి నా సలహా వేరు: జాలర్ల సర్వే, దాంతోపాటు వేటకెళ్లే చుట్టం బోటులోంచి తీసిన రెక్కల ఫొటోలు. ఫొటోలు తక్కువ వచ్చినా పారెయ్యొద్దు, తేదీ, చోటు రాసి డిపార్ట్‌మెంటులో భద్రపరచండి. మీ తర్వాత బ్యాచ్‌కి అదే మొదటి విడత. మూడేళ్లు, అంతకుమించి ఉన్న పీహెచ్‌డీ వాళ్లకి ఫొటో పద్ధతి తప్ప వేరేది నేను చెప్పను. లైన్ ట్రాన్సెక్ట్ మీద మనసుంటే సొంతంగా దిగకుండా, విశాఖలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం లాంటి చోట పనిచేసేవాళ్లతో కలిసి వెళ్లడం మేలు.

సముద్రంలోకి వెళ్లే పని ఏదైనా అటవీ శాఖ అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. దరఖాస్తు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి వెళ్లాలి, గైడ్ సంతకంతో, ఏ జంతువు, ఏ చోటు, ఎంత దూరం నుంచి ఫొటో తీస్తారు అన్నది స్పష్టంగా రాయాలి. జవాబుకి నెలలు పట్టొచ్చు. ఈశాన్య రుతుపవనాలు వెనక్కి తగ్గాక వేట నిషేధం మొదలయ్యేలోపు మనకి దొరికే కాస్త నెమ్మదైన సముద్రాన్ని వాడుకోవాలంటే, ఆ కాగితం వానాకాలంలోనే పంపాలి.